మైకులో ధైర్యం చెబితే లెక్కలు రావు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే చాలు, మా వైపు హైస్కూళ్ళలో వ్యక్తిత్వ వికాసం క్లాసు పెడతారు. తిరుపతి నుంచి ఒకాయన కారులో దిగుతాడు. ఆవరణలో షామియానా వేసి పిలకాయలను వరసగా కూర్చోబెడతారు. ఆయన మైకు అందుకుని కళ్ళు మూసుకోమంటాడు, గట్టిగా ఊపిరి పీల్చమంటాడు, పిడికిలి పైకెత్తి "నేను సాధించగలను" అని అరవమంటాడు. పిలకాయలు ఊరు అదిరేటట్టు అరుస్తారు. ఎందుకు అరవరు? ఆ పూట పాఠాలు లేవు కదా! తర్వాత శాలువా, జ్ఞాపిక, ఫొటో, కాఫీ. మర్నాడు లెక్కల పీరియడ్‌లో ముప్పావులోంచి మూడింట రెండు వంతులు తీసెయ్యమంటే, నిన్న అందరికంటే గట్టిగా అరిచిన పిల్లోడే బల్ల కింద ఏదో వెతుక్కుంటుంటాడు.

ఈ క్లాసులు ఆపెయ్యాలన్నది నా అభిప్రాయం. పాకాల, పూతలపట్టు వైపు పల్లెల్లో సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ నేనొక్కదాన్నే. ఇప్పుడు ఉండేది తిరుపతిలో, బాలాజీ కాలనీకి నడిచిపోయేంత దూరంలో. సాయంత్రం కూరగాయలకని బయటికొస్తే కరెంటు స్తంభం కరెంటు స్తంభానికీ ర్యాంకుల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. కోటు తొడిగిన పిల్లల ముఖాలు, వాటి కింద పెద్ద అంకెలు. అదే వీధిలో మేడ మీది గదుల్లో గ్రూప్స్‌కనీ డీఎస్సీకనీ ఏళ్ళకేళ్ళు చదువుతున్న వాళ్ళుంటారు. గోడలకు వాళ్ళంటించుకున్న కాగితాల మీదా ఇవే మాటలు: నిన్ను నువ్వు నమ్ము, నీలో అంతులేని శక్తి ఉంది.

మంచి మాటే కదా, దానితో నీకేం పేచీ అంటారేమో. పేచీ ఉంది. అంతా నీలోనే ఉందని ఒక పిల్లకు చెప్పామంటే, రేపు తప్పితే ఆ తప్పు కూడా పూర్తిగా నీదేనని చెప్పినట్టే. ఏడో తరగతిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉన్న సంగతి ఆ మాటలో ఉండదు. సాయంత్రం బస్సు ఆపేశారని ఇంటరు మానేసి ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల ఊసు ఉండదు. ఏటా ఇంటరు ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే నాకు భయం. ఆ చిన్న చిన్న వార్తల్లోని పిల్లలకు మనం నేర్పినవి రెండే ముక్కలు: నువ్వనుకుంటే అవుతుంది, కాలేదంటే నువ్వు సరిగ్గా అనుకోలేదు.

ఈ వక్తలు మన ప్రాంతపు పెద్దల కథలు చాలా చెబుతారు. అందులో తప్పనిసరిగా వచ్చేది అమరరాజా కథ. పేటమిట్ట అనే పల్లెలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికా ఉద్యోగం వదులుకుని వచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో కంపెనీ పెట్టారు. నిజమే, గొప్ప సంగతే. మైకులో మాత్రం అది ఒక్క గుండెధైర్యం కథగా తయారవుతుంది. ఆ ధైర్యానికి ముందు ఇంజనీరింగు చదువుంది, ఆ చదువు మీద అమెరికాలో ఏళ్ళ తరబడి చేసిన ఇంజనీరు ఉద్యోగం ఉంది. చేత్తో చేసి చూసిన పని వెనక ఉంది కాబట్టే తిరిగొచ్చి ఒకటి మొదలుపెట్టగలనన్న లెక్క కుదిరింది. పిలకాయలకు చెప్పాల్సింది ఆ ముందు సంవత్సరాల కథ. అందులో చప్పట్లు కొట్టే చోట్లు తక్కువ, అందుకే దాన్నెవరూ ఎత్తుకోరు.

మా దామలచెరువు అయ్యోరి పేరు ఈ ఉపన్యాసాల్లో నేనెన్నడూ వినలేదు. మధురాంతకం రాజారాం పల్లెబళ్ళలో పాఠాలు చెప్పుకుంటూనే వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మామిడితోటల మధ్య ఆ ఊళ్ళోనే, తన చుట్టూ ఉన్న రైతుల్నీ బడిపంతుళ్ళనే చూసుకుంటూ, ఒక కథ తర్వాత ఒక కథ. ఎదగడమంటే ఊరు వదిలెయ్యడమేనని నమ్మే తిరుపతి మేడగదులకు ఆయన పనికిరాని ఉదాహరణ కాబోలు.

ఇంకొకరి కథ ఉంది. దాన్నైతే పూర్తిగా తలకిందులు చేసి చెబుతారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు మదనపల్లె వేరే జిల్లాకు పోయింది. మా తరానికి అది చిత్తూరు జిల్లానే.) చిన్నప్పుడు మలేరియా. చదువు ఎక్కేది కాదు. అయ్యవార్లు మందబుద్ధి అనుకున్నారు. బెత్తం దెబ్బలు రోజూ ఉండేవి. అదే పిల్లోడు ఒకసారి ఇంట్లో గడియారం విప్పి, మళ్ళీ బిగించేదాకా బడికీ పోనని, అన్నమూ తిననని కూర్చున్నాడని మేరీ ల్యూటెన్స్ రాసిన జీవితచరిత్రలో ఉంది. నేను టీచరుని కాబట్టి నాకు ఆ గడియారం దగ్గరే కాలు ఆగిపోతుంది. అంత సేపు ఒక్క పని మీద కూర్చోగలిగిన పిల్లోడిని మందబుద్ధి అన్న బడి ఎటువంటి బడి?

వక్తలకు ఆ గడియారంతో పనిలేదు. వాళ్ళు నేరుగా 1909కి దూకుతారు. ఆ ఏడు అడయారు తీరంలో లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజం పెద్దమనిషి ఈ పిల్లోడిని చూసి వీడు జగద్గురువవుతాడని గుర్తుపట్టాడనీ, చూశారా, ఒక్కరు నమ్మితే చాలు ఎవరి దశయినా తిరుగుతుందనీ చెబుతారు. ఆ తర్వాత జరిగింది చెప్పరు. ఆ నమ్మకం చుట్టూ ఒక సంస్థ కట్టారు, దేశదేశాల్లో శిష్యుల్ని చేర్చారు. 1929 ఆగస్టులో హాలండులోని ఒమెన్‌లో, తన కోసం కట్టిన ఆ సంస్థనే ఆయన రద్దు చేసేశారు. వయసు ముప్పై నాలుగు. బడిలో పనికిరావన్నదాన్ని మోసినట్టే జగద్గురువువన్న మాటనూ ఇరవై ఏళ్ళు మోసి అక్కడ దించారు. మా తిరుపతిలో పిల్లోడు మూడో తరగతిలో ఉండగానే "మా డాక్టరుబాబు" అని పిలుచుకునే ఇళ్ళు నాకు తెలుసు. నీట్ రెండోసారి రాసి, మూడోసారి రాస్తూ, అన్నం దగ్గర ఎవరి ముఖమూ చూడని డాక్టరుబాబులూ తెలుసు. పిల్లల మీద నమ్మకం లేకపోవడం ఒక దెబ్బ, మోయలేనంత నమ్మకం పెట్టుకోవడం ఇంకో దెబ్బ. మొదటి దానికి కనీసం అమ్మమ్మ దగ్గరికి పోయి ఏడవొచ్చు. రెండో దానికి ఎవరి దగ్గరికి పోవాలి, అమ్మమ్మ కూడా డాక్టరుబాబూ అనే పిలుస్తుంటే?

కృష్ణమూర్తి మదనపల్లె దగ్గరి లోయలో పెట్టించిన ఋషివ్యాలీ బడి గురించి అందరికీ తెలుసు. ఫీజు కట్టగలిగిన వాళ్ళ పిల్లలు దూరాల నుంచి వచ్చి చదువుకునే చోటు. దాని చుట్టూ కొండల కింది పల్లెల్లో అదే సంస్థ నడిపే చిన్న చిన్న బళ్ళున్న సంగతి మాత్రం మన జిల్లాలోనే చాలా మందికి తెలియదు. 1980లలో మొదలైన బళ్ళివి. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి టీచర్లతో కలిసి వీటికొక పద్ధతి తయారు చేశారు. ఐదు తరగతుల పిల్లలు, ఒక గది, ఒకరో ఇద్దరో టీచర్లు. నా బతుకంతా అదే గది కాబట్టి, అక్కడికి పోయినప్పుడు నేను తోటను చూడలేదు, చెట్లను చూడలేదు. గోడను చూశాను.

గోడకు నిలువుగా ఒక పెద్ద నిచ్చెన పటం. ప్రతి మెట్టు మీదా ఒక బొమ్మ, ఒక నంబరు. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. ఒక్కో కార్డు ఒక్కో చిన్న పని. కార్డు మూలన కూడా అదే బొమ్మ, అదే నంబరు. పిల్ల వస్తుంది, నిచ్చెన మీద తానెక్కడుందో చూసుకుంటుంది, ఆ బొమ్మ ఉన్న ట్రేలోంచి తన కార్డు తానే తీసుకుంటుంది, ఏ గుంపులో కూర్చోవాలో అక్కడ కూర్చుంటుంది. కొత్త విషయమైతే టీచరు పక్కన. సాధన చెయ్యాల్సిందైతే తోటి పిల్లల పక్కన. కొన్ని ఒంటరిగా చేసుకునేవి. కొన్ని మెట్ల తర్వాత వచ్చిందీ రానిదీ చూసే కార్డు ఒకటి. రాకపోతే దానికి తగిన కార్డులు వేరే. వస్తే ఇంకాస్త ముందుకు లాగేవి కొన్ని. ఎవరి నడక వాళ్ళది. తప్పడమనేది లేదు.

ఇప్పుడు టమోటా కోతలు అనుకోండి. మదనపల్లె చుట్టుపక్కల కోతలొస్తే పిలకాయలు బడికి రారు. వద్దని ఎంత చెప్పినా ఇంటి దగ్గర చంటిబిడ్డను చూసుకునేది వాళ్ళే. మామూలు బడిలో ఆ పిల్ల నాలుగో పాఠంలో ఉండగా మానేసి తిరిగొచ్చేసరికి క్లాసు ఏడో పాఠంలో ఉంటుంది. ఐదూ ఆరూ దానికి ఎప్పటికీ రావు. అవి రాకపోతే ఏడు అర్థం కాదు. అర్థం కాని ఏడో పాఠం ముందు కూర్చున్న పిల్లకు తనకే తెలివి లేదనిపిస్తుంది. "నాకు లెక్కలు రావు టీచర్" అని పిల్లలు నాతో అన్నప్పుడల్లా తవ్వి చూస్తే అడుగున ఇట్లాంటి నాగా ఒకటుండేది. ఒక కోతకాలం, ఒక పచ్చకామెర్లు, ఒక అక్క పెళ్ళి. ఆ పల్లెబడిలో నేను చూసిన పిల్ల కోతలకు పోయి వచ్చి నేరుగా గోడ దగ్గరికి పోయింది. చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ ఒక కుందేలు దగ్గర ఆపింది. "లెక్కల్లో ఈడుండా. తెలుగులో ఆడుండా" అని నాకే చెప్పి, కార్డు తీసుకుని పోయి కూర్చుంది. ముఖంలో సిగ్గు లేదు, భయం లేదు. మనం మైకుతో నింపాలని చూసేది బహుశా ఆ పిల్ల కూర్చున్న తీరునే. దానికి ఎవరూ నిన్ను నువ్వు నమ్ము అని చెప్పలేదు. నిన్న ఎక్కడుందో, రేపు ఏది చెయ్యాలో కళ్ళెదుట కనిపించే ఏర్పాటు మాత్రం చేసిపెట్టారు.

ఈ నిచ్చెనను పక్క రాష్ట్రాలు ముందుగా అందుకున్నాయి. కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోట టీచర్లు ఇక్కడికొచ్చి చూసిపోయి, 1995లో నలికలి పేరుతో మొదలుపెట్టుకున్నారు. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళలో పెట్టి, తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద కలిసి పనిచేశారు. పుట్టింటి పిల్ల గొప్పతనం అత్తింటివాళ్ళు చెబితేనే మనకు తెలుస్తుందేమో! అలాగని ఇది మంత్రమనీ అనను. కార్డులు చిరుగుతాయి, ఎలకలు కొడతాయి, మళ్ళీ అచ్చువెయ్యడానికి డబ్బుండాలి. తయారైన టీచరును జూన్‌లో బదిలీ చేస్తే ఆ గది మళ్ళీ పాత గదే. సర్కారు చేతిలో పడ్డ ఏ మంచి పద్ధతైనా రెండేళ్ళలో రిజిస్టరులో టిక్కులు పెట్టే పనిగా మారిపోవడం నేను కళ్ళారా చూశాను. అయినా ఆ గోడ ముందు నిలబడ్డ పిల్లను చూశాక, దానికంటే తక్కువతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

పోటీ ప్రపంచంలో ఈ నిచ్చెనలు ఎక్కడ నిలబడతాయి, ర్యాంకు లేకుండా ఏర్పేడు ఐఐటీలోకి రానిస్తారా అని మా అల్లుడు నాతో వాదిస్తాడు. రానివ్వరు. ర్యాంకు వద్దని నేనూ అనడం లేదు. నాలుగు వేలమంది తర్వాత నువ్వున్నావు అని ర్యాంకు చెబుతుంది, రేపు పొద్దున ఏ లెక్క దగ్గర కూర్చోవాలో చెప్పదు. అది తెలిసినవాడికి ర్యాంకుతో ఉపయోగముంది. తెలియనివాడికి అదొక చెంపదెబ్బ. కోచింగుల్లో బాగా చదివే పిల్లల్ని దగ్గరగా గమనించండి. వాళ్ళ దగ్గర సొంత నోటుబుక్కు ఒకటుంటుంది. ఏ పరీక్షలో ఎక్కడ ఎందుకు పోయిందో రాసుకుంటారు. అది కూడా ఒక నిచ్చెనే, వాళ్ళే గీసుకున్నది. ఫ్లెక్సీ మీద ఆ నోటుబుక్కు ఫొటో ఎవరూ వెయ్యరు.

ఇదంతా పిలకాయల సంగతే అనుకోకండి. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి పదో తరగతి తప్పింది. పెళ్ళయి శ్రీకాళహస్తి పోయింది. కలంకారీ చేసేవాళ్ళ వీధిలోనే అత్తగారిల్లు. ఆ పని ఒక దశలో ఆ ఊళ్ళోనే అంతరించిపోయేలా ఉంటే, చేతివృత్తుల ఉద్యమకారిణి కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడంతో 1950లలో శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్యను గురువుగా కూర్చోబెట్టారు. ఆయన కుమారుడు గుర్రప్పశెట్టి కూడా బడిపంతులుగా ఉంటూనే ఆ పని చేశారు. 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్ళే పట్టిన కలం ఇప్పుడు ఎంతో మంది ఆడవాళ్ళ చేతిలో ఉంది.

మా అమ్మాయి పనిచేసే చోటికి పోయి కూర్చున్నాను. కరక్కాయ పొడీ పాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ నేల మీద పరిచి ఉంది. పాలు ఎందుకంటే, అందులోని కొవ్వు వల్ల రంగు చెదరదట. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకున్నారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో రోజుల తరబడి ఊరితే కసిమి తయారవుతుంది. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిన కలాన్ని అందులో ముంచి, ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీత లాగాలి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిమి తగలగానే నల్లబడుతుంది. చెరపడానికి వీల్లేదు. కాస్త ఎక్కువ నొక్కితే మచ్చ, తక్కువ నొక్కితే గీత తెగుతుంది. ఎర్రరంగు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తారు. పూసినప్పుడు పెద్దగా ఏమీ కనపడదు. పారే నీళ్ళలో జాడించి, చవలకోడి అనే రంగుదినుసు వేసి ఉడకబెట్టాకే పటిక తగిలినంత మేరా ఎర్రగా పైకొస్తుంది.

మొదట్లో పెద్ద పటాల్లో ఆమెకు అంచుల్లో తీగలు మాత్రమే ఇచ్చేవాళ్ళట. తర్వాత పువ్వులు, ఆ తర్వాత చీర మడతలు. ఇప్పుడు దేవతల ముఖాలు ఇస్తున్నారు. ఆ పనిలో ముఖం ఇచ్చారంటే అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. నేనున్నంత సేపూ ఒక లక్ష్మణస్వామి కనుబొమ్మ దగ్గరే ఉంది. ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుతో. గుడ్డ మీదికి వంగిన ఆ భుజాలు చూస్తే పదిలో తప్పానని ఇంట్లో తలుపేసుకున్న పిల్ల ఈమేనంటే నమ్మబుద్ధి కాదు. "ఇంత ధైర్యం ఎట్లా వచ్చిందిమే నీకు?" అని అడిగాను. తలెత్తకుండానే నవ్వింది. "ధైర్యమేంది టీచర్. చెయ్యి తిరిగింది."

కాబట్టి హెడ్మాస్టర్లకూ, మండల విద్యాధికారులకూ నేను అడిగేది పెద్దదేం కాదు. ఈసారి వక్తను పిలవడం మాని, ఆ పూట పదో తరగతి పిలకాయలందరికీ తలా ఒక తెల్లకాగితం ఇవ్వండి. లెక్కల్లో ఏ పాఠం దాకా వచ్చో, ఎక్కడ తెగిందో ఎవరిది వాళ్ళనే రాయమనండి. సగం మందికి ఆరో తరగతి దగ్గర తెగి ఉంటుంది. ఫరవాలేదు, అక్కడి నుంచే పట్టుకోండి. నెల తిరిగాక అదే కాగితం మీద మళ్ళీ రాయించండి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల జాబితా చదివే బదులు ఆ రెండు రాతలూ చూపించండి. అక్షరం రాని తల్లికి కూడా మా వాడు ఆడి నుంచి ఈడికొచ్చినాడని తెలుస్తుంది. సర్కారుకు అడిగేది ఇంకొకటుంది. కార్వేటినగరం డైట్‌లో టీచర్లు కాబోతున్న పిల్లలను చదువు అయిపోయేలోగా ఒక వారం పాటు ఋషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లెబళ్ళలో, ఆ గోడల ముందు కూర్చోబెట్టండి. ఒకప్పుడు ఒకే జిల్లాలో ఉన్న ఊళ్ళే రెండూ. బస్సు చార్జీలు, వారం రోజుల సంగటి ఖర్చు. ఒక మండలంలో ఏడాదికి పెట్టే షామియానాల అద్దె అంత కూడా కాదు.